అబ్బులు చేతిలో తాళం

వట్లూరు,
3-11-2008.

ప్రియమైన కుమారుడు నెల్సన్‌కు,

ఆ చలికొండల్లో ప్రభువు చెయ్యి నీ మీద ఉండాలని పూటపూటా అడుగుతూ అమ్మ రాస్తున్నది. ఇక్కడ నాన్న, కెజియా, నేను ముగ్గురం ఆయన దయవల్ల బాగున్నాం. నీ ఉత్తరం శుక్రవారం అందింది. నువ్వూ బాగున్నావని నీ చేతిరాతలోనే చూసుకున్నాక ఆ రోజు అన్నం రుచిగా అనిపించింది.

అడిగినవన్నీ చెబుతాను. నాన్న దగ్గు చాలావరకు తగ్గింది. ఊక దుమ్ము పడటం లేదని మిల్లు వాళ్ళే ఆయన్ని లోపలి నుంచి గేటు దగ్గరికి మార్చారు. కెజియా టీచరు ట్రైనింగులో భాగంగా చిన్నపిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్ళి, మొదటిరోజే గొంతు పోగొట్టుకుని వచ్చింది. రెండు రోజులు సైగలతోనే అన్నం పెట్టమని అడిగింది. రొయ్యల పచ్చడి డబ్బా మూత దగ్గర కారిందన్నావు. ఈసారి మైనం పెట్టి మూస్తాను. మీ హవల్దారు పచ్చడి అడిగితే లేదనకు, ఇంకో డబ్బా పంపుతాను. మూడు రోజులుగా ఇక్కడ ముసురు. బట్టలు ఆరక వరండాలో నీ పాత మంచం మీద పరిచాను.

ఇక నీ ఉత్తరం చివర, పేజీ పక్కన అడ్డంగా రాసిన ముక్క. "వాళ్ళింకా మన ఇంటికి వస్తున్నారా? అబ్బులు బతికే ఉన్నాడా? ఊరికే అడిగాను" అని రాశావు. నువ్వు ఊరికే అడగవని నాకు తెలుసు. ఫోనులో చెప్పేది కాదు. నువ్వు చేసినప్పుడల్లా పక్కన నాన్న ఉంటారు. అందుకే ఇలా తీరిగ్గా రాస్తున్నాను.

అబ్బులు బతికే ఉన్నాడు నాన్నా. అది ముందు తెలుసుకుని, మిగతాది నెమ్మదిగా చదువు.

ఆ ఆట గురించి నీకు నేను చెప్పేదేముంది. అయినా నా కళ్ళతో చూసింది నీకు తెలియదు. ఆదివారం మధ్యాహ్నం మందిరం నుంచి వచ్చి నేను కుట్టుమిషను ముందు కూర్చునేదాన్ని. మీరు నలుగురూ వరండాలో చాప వేసుకుని, లేని లోకం ఒకటి మాటలతో కట్టేవాళ్ళు. శ్యామ్ సుందర్ కథ చెప్పేవాడు. మిగతా ముగ్గురూ ఒక్కో వేషం. ఏం చేస్తారో మీరు చెబితే, అది అవుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక చెప్పేది. ఆ లోకాన్ని తయారుచేసింది బన్నీ. కొల్లేరు లాంటి సరస్సు, దాని నిండా లంకలు, లంకకో జాతి. వెయ్యేళ్ళు బతికే తెల్లటి జాతి ఒకటి. మీరు ఇంగ్లీషు పేరేదో అనేవాళ్ళు, నేను వెయ్యేళ్ళవాళ్ళు అనుకునేదాన్ని. ఎగిరే రెక్కలవాళ్ళు, రాయి పగలగొట్టే గుహవాళ్ళు. ఆఖరున మనుషులు. వాళ్ళకి ఆయుష్షూ లేదు, రెక్కలూ లేవు, బలమూ లేదు. బన్నీ వాళ్ళకి ఒకే ఒక్క లక్షణం పెట్టాడు. మిగతా జాతులు ఒట్టు వేసి తప్పితే నాలుక రాయైపోతుంది. మనిషి ఒక్కడే మాట ఇచ్చి తప్పగలడు. అందుకని ఆ లోకంలో మనిషి మాట చెల్లదు. వాడు పడవ నడపడానికీ, కాపలా కాయడానికీ తప్ప పనికిరాడు.

బన్నీ వెయ్యేళ్ళవాళ్ళ రాజు ధవళకేతు అయ్యాడు. రమ్యశ్రీ రెక్కలు తీసుకుంది. నువ్వు మనిషివి, పడవవాడు అబ్బులువి. నీకు గుర్తుందో లేదో, ఎప్పుడూ మనిషినే ఎందుకురా అని ఒకసారి అడిగాను. "మిగతా వాళ్ళందరికీ పుట్టుకతోనే ఏదో ఒకటి వచ్చేసిందమ్మా. మనిషికేం రాలేదు. అందుకే వాడేం చేస్తాడో ఎవరికీ ముందు తెలీదు" అన్నావు. ఆ మాట నాకు నచ్చింది. మిషను ఆపి మరీ విన్నాను.

తాడేపల్లిగూడెంలో మీ కాలేజీ పండుగ రోజున ఏం జరిగిందో నువ్వు నాకు చెప్పలేదు. చదువు ఆపేశానన్నావు, సైన్యానికి పరిగెత్తడం ప్రాక్టీసు చేశావు, వెళ్ళిపోయావు. నాకు చెప్పింది రమ్యశ్రీ, నువ్వు వెళ్ళాక, వంటింట్లో ఏడుస్తూ. హాలు నిండా హాస్టలు పిల్లల ముందు ఆట పెట్టారట. రాజుగారి చెరువులో చేపలు పోయాయి, అబ్బులే దొంగ అన్నాడట బన్నీ. అబ్బులు తీయలేదని నువ్వన్నావు. "మనిషి మాట చెల్లదు కదరా. మా మండవల్లి చెరువుగట్టు మీద కూడా ఇలాంటి మనిషే ఒకడుండేవాడు. పిల్లల మీద ఒట్టేసి మరీ ఏడ్చాడు" అని మైకులో అన్నాడట. హాలంతా నవ్వింది. ఆ మనిషి ఎవరో హాస్టల్లో సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. మర్నాటి నుంచి నీ పేరు "కాపలా" అయింది.

నాన్న వెంకట్రాజు గారి చెరువు దగ్గర ఎన్నేళ్ళు కాపలా ఉన్నారో నువ్వు ఎరుగుదువు. చేపలు పట్టి అమ్మే పట్టుబడి రోజున సరుకు తగ్గిందని ఆయన్ని గట్టు మీద కూలీలందరి ముందు నిలబెట్టారు. "నా బిడ్డల మీద ఒట్టండీ, ఒక్క చేప ఎరగనండీ" అన్నారు నాన్న. "మీ ఒట్లు మీ గుళ్ళో చెప్పుకోండి" అన్నారు వెంకట్రాజు గారు. ఆ గట్టు దిగి ఇంటికొచ్చిన మనిషి నాలుగు రోజులు కంచం ముందు కూర్చుని లేచిపోయేవారు. ఆ కన్నీళ్ళని వెంకట్రాజు గారి కొడుకు పాచికల ఆటలో నవ్వులాట చేశాడు. నా అరుగు మీద నా చేతి బజ్జీలు తిన్న పిల్లాడు.

నువ్వు వెళ్ళిన తరువాతి ఆదివారం వాళ్ళు మళ్ళీ వచ్చారు. బన్నీ ముఖంలో ఏమీ లేదు నాన్నా. తాను ఏం చేశాడో వాడికి గుర్తే లేదు. "ఆంటీ, నెల్సన్ లేడు కదండీ, అబ్బుల్ని మొసలికి వేసేస్తామండీ" అన్నాడు, ఉల్లిపాయ బజ్జీ కొరుకుతూ. వేషం వేసినవాడు రాకపోతే ఆ వేషం చచ్చిపోవాలని, లేదంటే అదే ఇంటివాళ్ళెవరైనా కూర్చోవచ్చని మీ రూలు ఒకటి ఉంది కదా. పరీక్షలప్పుడు రమ్యశ్రీ చెల్లెలు కూర్చుంది.

చేతులు కొంగుకి తుడుచుకుని చాప మీద కూర్చున్నాను.

"నేను ఆడతాను బాబూ."

"మీరాండీ?" అని ముగ్గురూ ఒకేసారి అన్నారు.

"ఆయ్. పడవ నడిపేవాడేగా. నేను లంకలో పుట్టినదాన్నే."

అప్పటినుంచి రెండేళ్ళు ఆడాను. నీకు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. నేను బాగా ఆడానని చెబితే నమ్ముతావా? అబ్బులు చేత అందరికీ పనిచేయించాను. రెక్కలవాళ్ళకి గూళ్ళ కింద వలలు కట్టాడు, గుహవాళ్ళకి ఉప్పు మోశాడు, రాజుగారి చెప్పులు కూడా మోశాడు. ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. దారి ఎటు అంటే నిజంగా అటే చూపించాడు. శ్యామ్ సుందర్ నవ్వేవాడు. "ఆంటీ, మనిషి వేషం తీసుకున్నాక ఒక్క అబద్ధమైనా ఆడాలండీ. లేకపోతే లాభమేంటండీ?"

"అవసరం వచ్చినప్పుడు చూద్దాం బాబూ" అనేదాన్ని.

"మా సండేస్కూలు ఆంటీ అబద్ధమా! ఆవిడ నోట్లోంచి రమ్మన్నా రాదు" అనేవాడు బన్నీ. "ఆవిడ మనుషుల్లో లెక్క కాదురా." నేను తల వంచుకుని బజ్జీల పళ్ళెం వాడి వైపు జరిపేదాన్ని. వాడి మాట ప్రతిదీ లోపల దాచుకునేదాన్ని. ఆట వినగా వినగా నాకొకటి అర్థమైంది. వెయ్యేళ్ళు బతికేవాడు దేనికైనా ఆగగలడు. మనిషికి అంత వ్యవధి లేదు. వాడికి జరిగిన అన్యాయానికి వాడి కాలంలోనే సమాధానం కావాలి. నాకు యాభై వచ్చాయి.

పోయిన నెలలో మళ్ళీ మీ కాలేజీ పండుగ వచ్చింది. బన్నీకిది ఆఖరి ఏడు. ఆట ముగింపు హాల్లోనే పెడదామన్నాడు. "మీరూ రావాలండీ, ఆంటీ. కాలేజీ అంతా మిమ్మల్ని చూడాలండీ" అని బతిమాలాడు. వెళ్ళాను. తెల్లచీర కట్టుకున్నాను. ముందు వరసలో వెంకట్రాజు గారు కూర్చుని ఉన్నారు. షామియానా ఆయనే వేయించారట. నన్ను గుర్తుపట్టి తల ఊపారు, నేను నమస్కారం పెట్టాను.

కథ ఇదీ. రాజు ధవళకేతు లంకల మీద నుంచి తరిమేసిన మనుషులందరూ ఏకమై దోనెల మీద వచ్చి, సరస్సు మధ్యనున్న అతని కోటని చుట్టుముట్టారు. గోడ పడదు. లోపలికి దారి ఒకటే, నీళ్ళు వచ్చిపోయే తూము తలుపు. దాని దగ్గర రాత్రంతా మెడలోతు చన్నీళ్ళలో నిలబడాలి. వెయ్యేళ్ళవాళ్ళు నిలబడరు, పరువు. రెక్కలవాళ్ళకి రెక్కలు తడుస్తాయి. గుహవాళ్ళు మునిగిపోతారు.

"నీళ్ళలో కాపలా అంటే మనిషేరా. అబ్బుల్ని పెట్టు" అన్నాడు బన్నీ మైకులో. వెనక ఎవడో "కాపలా!" అని అరిచాడు. ఇంకా మరిచిపోలేదన్నమాట వాళ్ళు.

శ్యామ్ సుందర్ మంచి పిల్లాడు. "రాజా, తాళం కూడా వాడి చేతికే ఇవ్వాలి. బయట ఉన్నది వాడి మనుషులే. మనిషి మాట చెల్లదని రాసింది నువ్వే. ఆలోచించుకో" అన్నాడు.

బన్నీ ఒక్క క్షణం తటపటాయించాడు. తరువాత నా వైపు తిరిగి నవ్వాడు. "ఆంటీ, అబ్బులు తలుపు తియ్యడని మాటివ్వండి."

"అబ్బులు మాటా బాబూ, నా మాటా?"

"అబ్బులు మాట ఎవడిక్కావాలండీ! మీ మాటండీ. మా ఆంటీగా చెప్పండి."

హాలంతా నన్నే చూస్తోంది. నేను గొంతు పెంచలేదు. నాకు రాదు కూడా.

"నా మాటే బాబూ. తియ్యను."

"అదీ!" అని చప్పట్లు కొట్టి తాళం ఇచ్చేశాడు. నిజం తాళం కాదు, అట్టముక్క. అయినా చేతిలో బరువుగానే ఉంది.

"అర్ధరాత్రయింది. దోనెలు దగ్గరికొచ్చాయి. అబ్బులు ఏం చేస్తాడండీ?" అని అడిగాడు శ్యామ్.

"తలుపు తీస్తాడు."

"ఆఁ?"

"తాళం తీసి, తలుపు తీసి, పక్కకి నిలబడతాడు బాబూ. వచ్చేవాళ్ళకి దారివ్వాలిగా."

వెనక వరసలోంచి ఒక ఈల. ఇక హాలు ఆగలేదు. తలుపు లోపలివైపు తెరుచుకున్నాక పాచిక కూడా అక్కర్లేకపోయింది. ఎనిమిది వందల ఏళ్ళ రాజు తన మంచం మీదే చచ్చిపోయాడు.

"ఆంటీ! మాటిచ్చారండీ!" అన్నాడు బన్నీ. మైకు కింద పెట్టడం కూడా మరిచిపోయాడు. వాడి గొంతులో ఏడుపు హాలంతా వినిపించింది.

"ఇచ్చాను బాబూ."

"మరి?"

"మనుషులం కదా."

అప్పుడు ముందు వరసలోంచి వెంకట్రాజు గారు పగలబడి నవ్వారు. "ఓరి నీ తెలివి తెల్లారా! తాళం తీసుకెళ్ళి ఎవరి చేతిలో పెట్టావురా? రేపు చెరువులు కూడా ఇలాగే అప్పజెప్తావా?" హాలు ఇంకా నవ్వింది. కన్నతండ్రే కొడుకుని అందరి ముందు నవ్వులపాలు చేస్తున్నాడు, నేను చూస్తూ కూర్చున్నాను. చంపినవాడే, చచ్చినవాడి వేషం వివరాలు రాసుకున్న కాగితం చింపాలని మీ ఆచారం. బన్నీ నాలుగేళ్ళు రంగులు వేసుకున్న కాగితం. నెమ్మదిగా చింపాను. ఒకసారి నాన్న కోసం, ఒకసారి నీ కోసం. మూడోసారి ఎవరి కోసమని కాదు, ఆ శబ్దం బాగుందని.

ఇప్పుడు కాలేజీలో వాడిని "తాళం రాజు" అంటున్నారని రమ్యశ్రీ చెప్పింది. విని నేను లోపలికెళ్ళి బియ్యం చెరగడం మొదలుపెట్టాను, నవ్వు ముఖం ఆ పిల్లకి కనబడకూడదని.

కిందటి వారం బన్నీ ఒక్కడే వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. టీ ఇచ్చాను. బజ్జీలు వెయ్యలేదు.

"ఎందుకండీ ఆంటీ?" అన్నాడు. "ఆటలో అయితే సరేనండీ. మిమ్మల్ని అడిగాను కదండీ. మిమ్మల్ని."

చెప్పాను. గట్టు మీద నాన్న ఒట్టు, హాల్లో వాడి మైకు, హాస్టల్లో నీ పేరు, అన్నీ వరసగా చెప్పాను. వాడికి నిజంగానే గుర్తులేదు నాన్నా. చెబుతుంటే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చి ముఖం నల్లబడింది.

"అది ఆటండీ..." అన్నాడు.

"ఇదీ ఆటే బాబూ."

టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. చాలాసేపటికి నీ అడ్రసు అడిగాడు. నీకు రాయాలట. "వాణ్ణి అడిగి చెబుతాను" అన్నాను. ఇవ్వనా వద్దా అన్నది నీ ఇష్టం. నాకోసం ఇమ్మనడం లేదు, వద్దనడమూ లేదు.

నాన్నకి చెప్పకూడదనుకున్నాను. దాగలేదు. మండవల్లి నుంచి వచ్చే లారీ చిట్టిబాబు మిల్లు గేటు దగ్గర చెప్పేశాడు. వెంకట్రాజు గారు కనబడినవాళ్ళందరితో అంటున్నారట, "ఆ ఇంటి మాట ఎలాంటిదో చూశారా? నేను ఆనాడే చెప్పాను" అని. నాన్న ఆ సాయంత్రం వచ్చి సైకిలు గోడకి ఆనించి అక్కడే నిలబడ్డారు.

"నిర్మలా, మనకున్నది ఆ మాట ఒక్కటే. నువ్వది తీసుకెళ్ళి ఖర్చు పెట్టేశావు."

"ఏవండీ, మీరు నిజమే చెప్పారు కదా. ఏం మిగిలిందండీ?" అన్నాను.

ఆయన కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. తిన్నారు, కానీ ఆ రోజు నుంచి నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. ఆయన అన్నది తప్పని నీతో అనలేను. వెంకట్రాజు గారి నోటికి నేనే సాక్ష్యం అందించాను. అది నేను మోయాల్సిందే. మళ్ళీ ఆ హాల్లో కూర్చోబెట్టి తాళం ఇస్తే ఏం చేస్తావని అడిగితే, అదే చేస్తాను.

ఇప్పుడు ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. కెజియాకి కూడా చదివి వినిపించను. నువ్వు వెళ్ళినప్పటినుంచి నేను ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యలేదు, ఆ రొట్టె, ద్రాక్షరసం ముట్టలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం, రొట్టె విరిచే ముందు పాస్టరు గారు, ఎవరిమీదైనా పగ ఉన్నవాళ్ళు కూర్చున్నచోటే ఉండిపొమ్మంటారు. అందరూ లేస్తారు, నేను చాప మీదే ఉండిపోయేదాన్ని. వరమ్మ వచ్చి ఏంటి వదినా అంటే మోకాళ్ళు అనేదాన్ని. సండేస్కూలు పిల్లలకి క్షమించమని చెప్పి, పక్క గదిలోకి వచ్చి అలా కూర్చునేదాన్ని. వాడికి పళ్ళెం జరుపుతూ, ఇంటి కోసం కాదు, ఆ రోజు కోసం ప్రార్థన చేసేదాన్ని. తగని ప్రార్థన అని తెలిసే చేసేదాన్ని.

నిన్న మొదటి ఆదివారం. పాస్టరు గారు మామూలుగానే అన్నారు. కళ్ళు మూసుకుని లోపల వెతుక్కున్నాను. బన్నీ మీద లేదు. వెంకట్రాజు గారి మీద కూడా లేదు. ఎంత తడిమినా తగల్లేదు. నేను క్షమించలేదు నాన్నా, తీర్చుకున్నాను. ఆ రెండూ ఒకటి కాదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కానీ పాస్టరు గారు అడిగింది పగ ఉందా అని మాత్రమే.

లేచి వెళ్ళాను. రొట్టె తీసుకున్నాను. తిరిగొస్తుంటే వరమ్మ నా చెయ్యి పట్టుకుని, "మోకాళ్ళు తగ్గాయా వదినా?" అంది.

"తగ్గిపోయాయి వదినా" అన్నాను.

ఇట్లు,
నీ మేలు కోరే అమ్మ,
నిర్మల.